ప్రోగ్రామ్ రాసింది ఒకరు, మార్చి పంచేది ఇంకొకరు: ఇది న్యాయమేనా?

వరంగల్_పెంగ్విన్:
పాస్‌వర్డ్‌లు దాచుకునే కీపాస్‌ఎక్స్‌సీ సంగతి గుర్తుందా? 2024లో డెబియన్‌లో (ప్రోగ్రామ్‌లను ఏర్చికూర్చి పంచే ఒక లినక్స్ డిస్ట్రో) దాన్ని ప్యాకేజీ చేసే, అంటే ఇన్‌స్టాల్ చేసుకునేలా సిద్ధం చేసే ఆయన, భద్రత కోసమంటూ బ్రౌజర్, నెట్‌వర్క్ సదుపాయాలు తీసేసి ఇచ్చారు. అన్నీ కావాలంటే ‘ఫుల్’ అని వేరే ప్యాకేజీ. అప్‌డేట్ చేసినవాళ్ళకు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు పడటం ఆగిపోయింది. ఫిర్యాదులేమో అసలు రచయితలకు వెళ్ళాయి. ఎవరైనా మార్చి పంచడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది సరే, మీరేమంటారు?

అక్షరమాల:
నేనైతే ఒప్పుకోనండి. అను ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఒక డిస్ట్రో దాన్ని తీసుకుంటే ఎంత సంతోషపడ్డానో! ఆ తర్వాత మెయిళ్ళు మొదలయ్యాయి. ‘స్త్రీ’ అని ఉన్నచోట రావత్తు ఎగిరిపోయి ‘స్తీ’ అని వస్తోందట. అది నేను దిద్ది అప్పటికే రెండేళ్ళు! ‘స్టేబుల్’ (నిలకడైన వెర్షన్) పేరుతో వాళ్ళు పాతదే ఉంచారు. ఒకాయన తాతగారి కథలన్నీ మార్చుకున్నాక చూసుకున్నారు. ఆయనకు ఏం జవాబు చెప్పను?

స్క్రీన్‌కు తాళం వేసే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ప్రోగ్రామ్ రచయిత జేమీ జవిన్‌స్కీ బాధా ఇదే. వెర్షన్ పాతబడితే హెచ్చరిక కనిపించేలా కోడ్‌లోనే పెట్టారు. 2016లో ఆ హెచ్చరిక డెబియన్‌లో గొడవైతే, కొత్తది ఇవ్వండి, లేదంటే నా ప్రోగ్రామ్‌నే తీసేయండి అన్నారు. అందులో తప్పేముంది?

సర్వర్_కాపలా:
మీ బాధ నిజమే. కానీ నేను సర్వర్లు చూసేవాణ్ణి. కొత్త వెర్షన్ దిగినప్పుడల్లా ఎక్కిస్తే ఏదో ఒక సెట్టింగ్ మారిపోతుంది, అర్ధరాత్రి ఫోన్లు, టెన్షన్. పాత వెర్షన్‌కే సెక్యూరిటీ ప్యాచ్ (లోపం దిద్దే కోడ్ ముక్క) అతికించి ఇస్తారు కాబట్టే డెబియన్‌ను నమ్ముకున్నాను. మీరు చూసుకునేది ఒక్క ప్రోగ్రామ్. వాళ్ళు వేల ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసిగేలా చూడాలి.

అక్షరమాల:
ఆ అతికించడమంటేనే నాకు భయం. 2006లో మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం నుంచి హెచ్చరికలు వస్తున్నాయని డెబియన్‌లో, ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో కొంత తీసేశారు. దాంతో రహస్య కీలు తయారుచేయడానికి ప్రాసెస్ నంబరు (నడిచే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) తప్ప ఊహకందని అంశమేదీ మిగల్లేదు. ఒక్కో రకం మెషిన్‌లో, ఒక్కో సైజుకు వచ్చే కీలు మహా అయితే 32,768. వరసపెట్టి ప్రయత్నిస్తే దొరికిపోతాయి. 2008 మే దాకా ఆ సంగతి బయటపడలేదు.

సర్వర్_కాపలా:
డెబియన్ ఆయన ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెయిలింగ్ లిస్ట్‌లో అడిగారు కదండీ! డీబగ్గింగ్‌కు (కోడ్‌లో తప్పులు వెతకడానికి) పనికొస్తుందంటే తీసేయొచ్చనే జవాబు వచ్చింది. తప్పు ఒక్కరిదే అనడం సరికాదు.

అక్షరమాల:
అడిగారు, కాదనను. కానీ అది డీబగ్గింగ్ కోసమేనని అవతలివాళ్ళు అనుకున్నారు. ఆ మార్పునే ప్యాచ్‌గా పంపి, అందరికీ ఇవ్వబోతున్నామని చెప్పి ఉంటే ఎవరో ఒకరు ఆపేవారు. నేను కోరేదీ అంతే. మార్చే ముందు నాకు ప్యాచ్ పంపండి. నేను వద్దన్నా మారుస్తారా, పేరు కూడా మార్చండి. ట్రేడ్‌మార్క్ పేచీ వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్‌ను 2006 నుంచి 2016 దాకా ఐస్‌వీజిల్ పేరుతో ఇచ్చింది డెబియనే కదా.

సర్వర్_కాపలా:
ప్రతి చిన్న ప్యాచ్‌కూ పేరు మారిస్తే వాడేవాళ్ళకు ప్రోగ్రామ్ దొరకదు. ప్యాచ్ ముందు మీకు పంపాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

అక్షరమాల:
అయితే ‘గురించి’ పేజీలో నా మెయిల్ తీసి ప్యాకేజీ చేసినవాళ్ళది పెట్టమనండి. తాతగారి కథల ఫిర్యాదు ముందు వాళ్ళకు వెళ్ళాలి.