1568 సిక్స్‌పెన్స్: అరుగుదలా, అచ్చులో లోపమా?

ప్రశ్న: ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ కాలపు సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల వెండి నాణెం), బరువు 2.7 గ్రాములు. రాణి ముఖం చదునుగా ఉంది. వెనుక డాలు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. అమ్మేవారు 'వెరీ ఫైన్' (కొద్దిగానే అరిగిందని చెప్పే గ్రేడు) అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు 1: ముందు చదును భాగాన్ని భూతద్దంలో చూడండి. వాడకంలో అరిగితే నున్నగా ఉంటుంది, ఎత్తైన చోట్లన్నీ ఒకేలా అరిగిపోతాయి. నాణెం ముద్రించేటప్పుడు సుత్తి దెబ్బ సరిగా పడకపోతే అక్కడ వెండి రేకు మొదటి గరుకుతనం మిగులుతుంది, పక్కన అక్షరాలు పదునుగానే ఉంటాయి. తరచు రెండో వైపు అదే చోట కూడా బొమ్మ మసకగా పడుతుంది. అచ్చు లోపమైతే గ్రేడు తగ్గదు గానీ, ఆ మాట విడిగా రాయాలి. ధర మాత్రం తగ్గుతుంది, ముఖమే కదా అందరూ చూసేది!

జవాబు 2: బరువు సంగతి వదిలేశారండీ. ప్రామాణిక బరువు సుమారు 3.1 గ్రాములు. అంచున చుక్కల వలయం, అక్షరాల పైభాగం తెగిపోయాయా? అయితే వెండి కోసం ఎవరో అంచు కత్తిరించారు. చుక్కలన్నీ ఉండి తేలికగా ఉంటే పోత నకిలీ (కరిగిన లోహాన్ని మూసలో పోసి చేసిన దొంగ నాణెం) అని అనుమానించాలి: అంచున అతుకు గీత, ఉపరితలంపై బుడగల గుంటలు వెతకండి.

ప్రశ్న అడిగినవారు: పై అంచున చుక్కలు లేవు. కొంచెం నల్లబడింది కూడా, తోమనా?

జవాబు 2: కత్తిరింపే అయుండాలి. పాలిష్ వద్దేవద్దు, తోమిన వెండి మళ్లీ రాదు.