కాశీ మినార్ల లితో ప్రింటు: అసలుదేనా ఎలా తెలుస్తుంది?

కాకినాడ కాగితాలు:
అందరికీ నమస్కారం. కలకత్తాలో పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర కాశీ లితోగ్రాఫ్ (రాతి మీద గీసి తీసే అచ్చు) ఒకటుంది. జేమ్స్ ప్రిన్సెప్ గీసిన మాధోరాయ్ ఘాట్ (అదే పంచగంగ ఘాట్), మినార్లు. చేత్తో రంగులు వేసింది. 22,000 చెబుతున్నారు. వచ్చే వారం ఆఫీసు పని మీద అటే వెళ్తున్నాను.

ఇదే ఎందుకంటే, మా నాయనమ్మ 1944లో, పదహారేళ్లప్పుడు, వాళ్ల పెద్దవాళ్లతో కాశీ వెళ్లింది. రోజూ పొద్దున్నే ‘విశ్వేశం మాధవం ఢుంఢిం’ చదువుకుంటూ, మాధవం దగ్గరికి రాగానే ఆగేది. “బిందు మాధవుడి గుడి దగ్గర రెండు పేద్ద గడలుండేవిరా, పడవలోంచి చూస్తే మెడ నొప్పెట్టేది” అనేది. 2019లో నేను వెళ్లి పంచగంగ ఘాటంతా తిరిగాను. గడలూ లేవు, ఏమీ లేవు. ఇంకెక్కడో చూసింది ఇక్కడ కలిపి చెప్పిందనుకున్నాను. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ పోయిన రెండేళ్లకి ఈ బొమ్మ కనపడింది. ఘాట్ మీద రెండు మినార్లు, నిలువునా.

ఇప్పుడు నా టెన్షన్ అంతా ఇది అసలుదా, నకలా అనే. షాపులో ఉండే పది నిమిషాల్లో ఏం చూడాలి?

పాత పటాలు:
ముందు ఫ్రేములోంచి తీసి చూపించమనండి. తీయనంటే వదిలేసి వచ్చేయండి. నేను అద్దం మీంచే చూసి మద్రాసు బీచ్ బొమ్మ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే నున్నటి ఆర్ట్ పేపరు, వెనకవైపు పేజీ నంబరు. ఏదో కొత్త పుస్తకంలోంచి కత్తిరించింది. ప్రిన్సెప్ పుస్తకం కూడా మన రోజుల్లో మళ్లీ అచ్చయింది, జాగ్రత్త.

రాతి అచ్చు, హైదరాబాద్:
మీ నాయనమ్మగారు సరిగ్గానే చెప్పారండి. అవి ఔరంగజేబు కట్టించిన మసీదు మినార్లు. ఒకటి 1948లో కూలిపోయింది, రెండోదాన్ని తర్వాత ప్రభుత్వమే తీయించేసింది. 2019లో మీకు ఎలా కనపడతాయి! ప్రిన్సెప్ 1820 నుంచి పదేళ్లు బెనారస్ టంకశాలలో పనిచేశాడు. పడిపోయేట్టున్న ఆ మినార్లకు అప్పట్లో మరమ్మతు చేయించింది కూడా ఆయనే. తర్వాత 1837లో అశోకుడి బ్రాహ్మీ లిపి చదివిందీ ఈ ప్రిన్సెపే. ఆయన గీసిన బొమ్మల్ని ఇంగ్లండులో రాళ్ల మీదికి ఎక్కించి అచ్చు తీశారు. పుస్తకం 1830 నుంచి భాగాలుగా వచ్చింది, కలకత్తా బాప్టిస్ట్ మిషన్ ప్రెస్‌లో.

పది రెట్లు చూపించే భూతద్దం పట్టుకెళ్లండి, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేలాంటిది. ఆకాశం ఉన్న చోట పెట్టి చూడండి. ఆఫ్‌సెట్ (ఇప్పటి పుస్తకాల మెషీన్ అచ్చు) అయితే చుక్కలు వరసగా ఉంటాయి, ముగ్గుకి పెట్టినట్టు. రంగులదైతే నీలం, గులాబీ, పసుపు చుక్కలు పక్కపక్కనే. లితోలో వరస ఉండదు. గరుకు గోడ మీద బొగ్గుతో రుద్దినట్టు నలుసులు నలుసులుగా ఉంటుంది. ఎందుకంటే సున్నపురాయిని గరుకు చేసి, దాని మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. రాయిని తడిపి సిరా పూస్తే జిడ్డున్న చోటే అంటుకుంటుంది. ఆ రాతి గరుకే కాగితం మీదికి దిగుతుంది. రాగిరేకు అచ్చులకైతే బొమ్మ చుట్టూ కాగితం నొక్కుకుపోయిన గాడి ఉంటుంది. లితోకి అది ఉండదు, లేదని కంగారు పడకండి.

నా అనుమానమల్లా రంగుల మీదే. నా చేతికొచ్చిన ప్రిన్సెప్ బొమ్మలన్నీ నలుపు తెలుపే. రంగుంటే త్వరగా అమ్ముడుపోతుందని కొందరు ఇప్పుడు పూయిస్తున్నారు. కాగితం మీద పాత మడత ఏదైనా ఉంటే అక్కడ చూడండి. మడత పడ్డ చోట కాగితం పైపొర చిట్లి ఉంటుంది. ఆ తర్వాత పూసిన రంగు అందులోకి ఇంకి ముదురు గీతలా కనపడుతుంది. రంగే ముందు వేసి ఉంటే, మడత దగ్గర రంగు తెగి కాగితం తెల్లగా బయటపడుతుంది.

డాలస్ నుంచి:
నాలాంటివాళ్లకి ఒక మాట. ఇండియాలో కొని అన్నకో తమ్ముడికో ఇచ్చి ఇక్కడికి తెప్పించుకుందామనుకోకండి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుల్ని ప్రైవేటువాళ్లు దేశం దాటించడానికి వీల్లేదు. నాకు కావలసినవి నేను లండన్ వేలాల్లోనే కొనుక్కుంటాను.

కాకినాడ కాగితాలు:
వెళ్లొచ్చాను. ఆయన మంచి మనిషి, అడగ్గానే ఫ్రేము విప్పి కిటికీ దగ్గర బల్ల మీద పరిచారు. ఆకాశంలో చుక్కల వరస లేదు, మీరు చెప్పిన నలుసులే. బొమ్మకి ఎడమవైపు పైనుంచి కిందికి ఒక మడత ఉంది. గంగ మీదుగా పోయే చోట ఆ మడతలో నీలం, పెన్నుతో గీసినట్టు చిక్కగా ఉంది. భూతద్దం ఆయన చేతికే ఇచ్చాను. చూసి, “రంగు సంగతి నాకూ తెలీదు, ఇలాగే కొన్నాను” అన్నారు. 14,000కి ఇచ్చారు.

మినారు అంచు మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూశాను. ఆవిడ మాట నమ్మనందుకు చాలా బాధేసింది.

వెనకవైపు పైన సెల్లోటేపు ముక్కలు రెండున్నాయి, పసుపుగా ఎండిపోయి. పీకేయొచ్చా?

రాతి అచ్చు, హైదరాబాద్:
పీకకండి! కాగితం పొర ఊడి వస్తుంది. కాగితాలు బాగుచేసే కన్సర్వేటర్‌తోనే తీయించండి. తిరిగి అట్టకి అంటించేటప్పుడు ఇంట్లో కాచే మైదా జిగురు వద్దు, అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు, అది కాగితాన్ని తినేస్తుంది. యాసిడ్ లేని అట్ట, అద్దానికి బొమ్మకి మధ్య ఖాళీ ఉండేలా మౌంటు. కాకినాడ తేమకి ఆ ఖాళీ లేకపోతే రెండు వానాకాలాల్లో బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది. ఎండ పడని లోపలి గోడకి పెట్టుకోండి.