ముఖాలకు మెదడులో ప్రత్యేక స్థానం ఉందా, లేక అది అభ్యాసం వల్ల కలిగే నైపుణ్యమా?

మెదడు ముఖాలను, వస్తువులను వేర్వేరుగా గుర్తిస్తుందా అన్న నా సందేహాన్ని తెలిసినవారు దయచేసి తీర్చగలరు. టెంపోరల్ లోబ్ (కణతల వైపు ఉండే మెదడు భాగం) అడుగుభాగంలో, వస్తువులకన్నా ముఖాలకు ఎక్కువగా స్పందించే ప్రాంతాన్ని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం ఎఫ్‌ఎంఆర్‌ఐతో (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కానింగ్‌తో) చూపింది. పక్షులను, కార్లను చూడగానే రకం చెప్పగల నిపుణులలో వాటికి కూడా అక్కడ స్పందన పెరుగుతుందని 2000లో ఇసబెల్ గోతియే బృందం ప్రకటించింది. అంటే ఆ ప్రాంతం ముఖాలకే ప్రత్యేకం కాదు, అభ్యాసంతో వచ్చే నైపుణ్యానిదన్న ఈ రెండవ వాదన (నైపుణ్యవాదం) నాకు ఎంతో ఆకర్షణీయంగా తోచింది కానీ, మెదడుకు దెబ్బ తగిలిన కొందరు వస్తువులను చక్కగా గుర్తిస్తూనే సొంతవారి ముఖాలను పోల్చుకోలేకపోవడం, మరికొందరిలో, అరుదుగానే అయినా, ఇందుకు పూర్తిగా విరుద్ధమైన స్థితి కనిపించడం దానితో ఎలా పొసగుతాయో అర్థం కావడం లేదు. ముఖ్యంగా, నైపుణ్యవాదం ఈ రెండవ రకం రోగులను ఎలా వివరిస్తుంది?