పాత పెట్రోల్ కారును తక్కువ ఖర్చుతో ఎలక్ట్రిక్ చేయాలి: ఎక్కడ ఆదా చేయొచ్చు?

పాతబండి:

అందరికీ నమస్తే. మా నాన్న కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు నా దగ్గరుంది. ముందు చక్రాల డ్రైవ్, కార్బ్యురేటర్ ఇంజిన్, ఖాళీ బరువు 750 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. కంప్రెషన్ పోయింది, ఆయిల్ తాగేస్తోంది. బోర్ చేయిద్దామంటే ఆ సైజు పిస్టన్లు దొరకడం లేదు. బాడీ మాత్రం గట్టిగా ఉంది. కింద పడుకుని సుత్తితో కొట్టి చూశాను, ఫ్లోర్‌లో ఎక్కడా తుప్పు లేదు. గేర్లు సాఫీగా పడుతున్నాయి.

తుక్కుకి ఇవ్వడానికి మనసొప్పడం లేదు. రోజూ పనికి వెళ్లి రావడానికి 35 కిలోమీటర్ల లోపే. హైవే ఎక్కే పని లేదు, 60 దాటే అవసరమూ లేదు. రెడీమేడ్ కిట్ ధర కనుక్కుంటే, కారు విలువకు ఎన్నో రెట్లు చెప్పారు. వెల్డింగ్ వచ్చు, కారు వైరింగ్ కూడా చేసుకోగలను.

మోటార్ ఏది వెతకాలి? బ్యాటరీ ఎంత పెట్టాలి? లెడ్ యాసిడ్‌తో సరిపెట్టుకోవచ్చా? క్లచ్ ఉంచాలా, తీసేయాలా? 200 కిలోమీటర్ల రేంజ్ రాకపోతే ఈ పని దండగ అంటున్నారు తెలిసినవాళ్లు. అది నిజమేనా?

రాగితీగ:

నేను ఫోర్క్‌లిఫ్ట్‌లు (గోడౌన్లలో సరుకు ఎత్తే బ్యాటరీ బళ్లు) రిపేరు చేస్తాను. మీ ప్రశ్నల్లో చివరిదానికే ముందు చెప్తాను, ఎందుకంటే మీ బడ్జెట్ అంతా దాని మీదే ఉంది. 200 మాట వదిలేయండి. మీకు కావాల్సింది 35. ఆ అంకె మీద గట్టిగా నిలబడితే ఈ కారు మీ చేతుల్లో తయారవుతుంది. "ఇంకాస్త రేంజ్ ఉంటే బావుండు" అనుకున్న ప్రతిసారీ బ్యాటరీ పెరుగుతుంది, దాని బరువుకు స్ప్రింగులు మార్చాలి, ఆపడానికి బ్రేకులు మార్చాలి. ఇలా సగంలో ఆగిపోయిన బళ్లు నేను చాలా చూశాను. బాధేస్తుంది.

లెక్క సులువే. ఇంత తేలిక కారు 60 లోపు నడిస్తే కిలోమీటరుకు సుమారు 120 వాట్ అవర్లు తింటుంది. మీ 35ని కాస్త పెంచి 40 కిలోమీటర్లు అనుకుంటే 4.8 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). బ్యాటరీని ఎప్పుడూ అడుగంటా వాడకూడదు కాబట్టి 20 శాతం వదిలేస్తే 6 యూనిట్లు. చలికాలానికి, సెల్స్ పాతబడ్డాక తగ్గే కెపాసిటీకి కలిపి 9 వేసుకోండి. అంతకు మించి అక్కర్లేదు.

లెడ్ యాసిడ్ వద్దు. కొనేటప్పుడు చవకే, కానీ కిలోకు 30 నుంచి 40 వాట్ అవర్లే వస్తాయి. మన్నాలంటే సగం వరకే వాడాలి. పైగా కారు లాగినంత కరెంట్ ఒక్కసారిగా లాగితే రాసిన కెపాసిటీ కూడా రాదు. మీ 40 కిలోమీటర్లకే 300 కిలోల సీసం మోయాల్సి వస్తుంది. 750 కిలోల బండికి అది అన్యాయం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒక్కోటి 3.2 వోల్ట్‌లు. 100 ఆంపియర్ అవర్లవి 30 వరసగా కలిపితే 96 వోల్ట్‌లు, 9.6 యూనిట్లు. ఇక్కడొక విషయం జాగ్రత్తగా చూడండి. సోలార్ స్టోరేజ్ కోసం చేసిన సెల్స్ చవగ్గా దొరుకుతాయి, కానీ చాలావాటిని తమ కెపాసిటీకి సమానమైన కరెంట్ వరకే (100 ఆంపియర్ అవర్ల సెల్‌కు 100 ఆంప్స్), కొన్నిటినైతే అందులో సగం వరకే లాగాలి. మీ కారు 50 మీద నిలకడగా పోతే 6 కిలోవాట్లు, అంటే 63 ఆంప్స్ చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు 20 కిలోవాట్లు అడిగితే 200 ఆంప్స్ దాటుతుంది. సెల్ డేటాషీట్‌లో ఆ అంకె ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టొద్దు.

రెండో దారి, ప్రమాదంలో దెబ్బతిన్న ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ. 2010లో వచ్చిన మొదటి తరం నిస్సాన్ లీఫ్‌లో 24 యూనిట్ల ప్యాక్ ఉంటుంది. అందులో 48 మాడ్యూళ్లు, ఒక్కోటి ఏడున్నర వోల్ట్‌లు, నాలుగు కిలోల లోపు బరువు. 13 వరసగా కలిపితే 97 వోల్ట్‌లు. అలాంటి వరసలు రెండు పక్కపక్కన కలిపితే 26 మాడ్యూళ్లు, సుమారు 100 కిలోలు. కెపాసిటీ 70 శాతానికి పడిపోయినా మీ 9 యూనిట్ల దగ్గరకు వస్తాయి. ఆ కారులో 80 కిలోవాట్ల మోటార్‌ను నడిపిన ప్యాక్ అది, కాబట్టి మీ 200 ఆంప్స్ దానికి భారం కాదు. కొనే ముందు మాడ్యూల్ మాడ్యూల్‌కీ వోల్టేజ్ కొలవండి, ఉబ్బినవి పక్కన పెట్టేయండి. మిగతావాటిని రెండు చివర్లా ప్లేట్లు పెట్టి బిగించాలి, వదులుగా పేర్చకూడదు.

మోటార్‌కి నా ఓటు పాత ఫోర్క్‌లిఫ్ట్ సిరీస్ డీసీ మోటార్‌కే. లీఫ్ మోటార్ దానికంటే మెరుగైనదే, బ్రేక్ వేసినప్పుడు కరెంట్ వెనక్కి కూడా ఇస్తుంది, కానీ అది 360 వోల్ట్‌ల వ్యవహారం. మొదటి బండికి అంత వోల్టేజ్ మీద చేయి పెట్టమని నేను చెప్పను. డీసీ మోటార్ తుక్కు ధరకే దొరుకుతుంది, కంట్రోలర్ (పెడల్‌ను బట్టి మోటార్‌కు కరెంట్ వదిలే పెట్టె) కూడా సాదాది చాలు.

ఆ మోటార్ ఎలా చూడాలంటే, బ్రష్‌ల మీది పట్టీ విప్పి లోపల టార్చ్ కొట్టండి. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి పట్టీల చుట్టు) అంతా ఒకే తీరుగా కాఫీ గోధుమ రంగులో మెరుస్తుంటే మంచిది. కొన్ని రాగి పట్టీలే నల్లగా కాలి ఉన్నా, గోరు పెట్టి లాగితే గాడి తగిలినా వదిలేయండి. ముందువైపు కవర్, బేరింగ్ ఉన్నాయా చూడండి. కొన్ని ట్రాక్షన్ మోటార్లకు అవి ఉండవు, ఫోర్క్‌లిఫ్ట్ గేర్‌బాక్సే ఆ చివరను మోస్తుంది. అలాంటిది తెచ్చుకుంటే లేత్ ఖర్చు మోటార్ ధరను మించిపోతుంది. తిప్పి చూడాలంటే నేలకు బిగించి 12 వోల్ట్‌ల బ్యాటరీ పెట్టండి, అంతకు మించి పెట్టొద్దు. సిరీస్ మోటార్‌కు లోడ్ లేకుండా ఎక్కువ వోల్టేజ్ ఇస్తే వేగం ఎక్కడా ఆగదు, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) విచ్చుకుపోతుంది.

అందుకే క్లచ్ తీసేయమంటాను. యాక్సిలరేటర్ మీద కాలుండగా క్లచ్ నొక్కితే లోడ్ ఒక్కసారిగా పోతుంది. ఊళ్లో తిరగడానికి రెండో గేరు, ఖాళీ రోడ్డు మీద మూడో గేరు సరిపోతాయి. మార్చాలంటే కాలు తీసి, లివర్‌ను నెమ్మదిగా నెట్టాలి. న్యూట్రల్‌లో మాత్రం యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు.

లేత్‌పని:

రాగితీగ గారు చెప్పినదంతా సరే. మోటార్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పని గురించి నేను చెప్తాను, అక్కడ తొందరపడితే మిగతా కష్టమంతా వృథా.

ఇంజిన్ దించే ముందే అట్ట ముక్కలు సిద్ధం చేసుకోండి. గేర్‌బాక్స్ ముఖానికి పల్చగా గ్రీజు రాసి అట్ట అద్దితే బోల్టు రంధ్రాలన్నీ పడతాయి. అయితే అది ప్లేట్ ఆకారం కోసమే. సెంటర్‌ను అట్టతో పట్టుకోలేం. గేర్‌బాక్స్ ముఖం మీద రెండు డోవెల్ పిన్నులు ఉంటాయి. అసలు స్థానం నిలబెట్టేవి అవే, బోల్టులు బిగింపుకే. ప్లేట్‌లో డోవెల్ రంధ్రాలను ఇన్‌పుట్ షాఫ్ట్ సెంటర్ నుంచి కొలిచి వేయించండి. 15 నుంచి 20 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్ సరిపోతుంది.

మోటార్ షాఫ్ట్‌ను గేర్‌బాక్స్ షాఫ్ట్‌కు కలిపే కప్లర్‌కి కొత్త స్ప్లైన్ (షాఫ్ట్ పళ్లు కూర్చునే గాళ్లు) కోయించడం ఖరీదు. మీ పాత క్లచ్ ప్లేట్ ఉందిగా, దాని మధ్య హబ్‌లో మీ గేర్‌బాక్స్‌కు సరిపోయే స్ప్లైన్ ఉంది. చుట్టూ ఉన్న స్ప్రింగులతో సహా వాడుకోండి, గేరు పడ్డప్పుడు వచ్చే కుదుపు అవి మింగుతాయి. మోటార్ షాఫ్ట్‌కు ఒక ఫ్లాంజ్ చేయించి దానికి ఈ ప్లేట్‌ను బోల్టులతో బిగించండి. వెల్డింగ్ వచ్చు అన్నారు కాబట్టి చెప్తున్నా, హబ్‌కు వెల్డ్ పెట్టొద్దు. వేడికి అది వంకర పోతుంది.

చివరగా డయల్ గేజ్ (సన్నటి ఊగును ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి షాఫ్ట్ చేత్తో తిప్పండి. ముల్లు 0.1 మిల్లీమీటరు లోపే ఊగాలి. అంతకంటే ఎక్కువుంటే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ ఎక్కువ కాలం నిలవదు.

పాతబండి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. క్లచ్ ప్లేట్ హబ్ వాడొచ్చన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇంకొకటి అడుగుతాను. కాంటాక్టర్ (పెద్ద కరెంట్‌ను కలిపి తెంచే స్విచ్), ఫ్యూజ్ మామూలు ఏసీ కరెంట్ ప్యానెల్‌వి ఇంట్లో ఉన్నాయి, ఆంప్స్ కూడా సరిపోతాయి. అవి వాడితే ఖర్చు కలిసొస్తుందా?

రాగితీగ:

వద్దండీ. మిగతాచోట ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. ఏసీ కరెంట్ సెకనులో ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది, అప్పుడు తెగేచోట లేచే మంట దానంతటదే ఆరుతుంది. డీసీ సున్నాకు రాదు. ఫ్యూజ్ కరిగినా లోపల మంట లైన్ కట్టి వెలుగుతూనే ఉంటుంది. డీసీకి రాసి ఉన్నది, మీ ప్యాక్ పూర్తి చార్జ్ వోల్టేజ్‌కు తగ్గది కొనండి. 30 సెల్స్ నిండితే 109 వోల్ట్‌లు దాటతాయి, 96 కాదు.

డీసీ కంట్రోలర్ చెడిపోతే ఎక్కువగా షార్ట్ అయ్యే చెడుతుంది. అంటే మీ కాలు పెడల్ మీద లేకపోయినా మోటార్‌కు పూర్తి కరెంట్ వెళ్తుంది. అప్పుడు మిమ్మల్ని కాపాడేది కాంటాక్టర్ ఒక్కటే. డ్రైవర్ చేతికందే చోట ఎర్ర బటన్ పెట్టి, నొక్కగానే కాంటాక్టర్ కాయిల్ కరెంట్ పోయేలా కట్టండి. గుద్దుకుంటే తెంచే ఇనర్షియా స్విచ్ కూడా అదే వైరులో వరసగా రావాలి. పాత పెట్రోల్ కార్ల ఫ్యూయెల్ పంపు దగ్గరివి చవగ్గా దొరుకుతాయి.

కాంటాక్టర్‌కు సమాంతరంగా ఒక రెసిస్టర్ పెట్టి, దాని గుండా కంట్రోలర్ కెపాసిటర్లు నిండాకే కాంటాక్టర్ మూసుకునేలా చేయండి. లేదంటే తాళం తిప్పిన ప్రతిసారీ కాంటాక్టులు మెరుపు కొట్టి, ఒకరోజు అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టర్ ఉంటే ఆ ఎర్ర బటన్ ఉన్నా లేనట్టే. ప్యాక్ మధ్యలో చేత్తో లాగేసే డిస్కనెక్ట్ ఒకటి ఉండాలి, పని చేసేటప్పుడు అది మీ జేబులో ఉండాలి. ప్యాక్ మైనస్‌ను కారు బాడీకి కలపకండి. 60 వోల్ట్‌ల డీసీ దాటితే అంతర్జాతీయ వాహన ప్రమాణాల్లోనే అది హై వోల్టేజ్ కింద లెక్క, మీది దాటింది.

బ్రేక్ బూస్టర్ ఉంటే అది ఇంజిన్ వ్యాక్యూమ్ మీద పనిచేసేది. ఇంజిన్ పోతే పెడల్ రాయిలా అవుతుంది. 12 వోల్ట్‌ల వ్యాక్యూమ్ పంపు, చిన్న ట్యాంకు, ప్రెషర్ స్విచ్ పెట్టాలి. ఆల్టర్నేటర్ కూడా ఉండదు కాబట్టి లైట్లకు, ఆ పంపుకు ప్యాక్ వోల్టేజ్‌ను 12 వోల్ట్‌లకు దించే డీసీ-డీసీ కన్వర్టర్ కావాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు లిథియం సెల్స్‌ను చార్జ్ చేయొద్దు, నడపడానికి ఇబ్బంది లేదు.

పానా పట్టే ముందు రెండు పనులు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈ మార్పుకు ఏమేం కాగితాలు అడుగుతారో రాతపూర్వకంగా తెచ్చుకోండి. తర్వాత కారును కాటా మీదికి తీసుకెళ్లి ముందు చక్రాలు వేరుగా, వెనక చక్రాలు వేరుగా తూకం వేయించండి. ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, ట్యాంకు దించాక వాటినీ తూచండి. బ్యాటరీలో ఎంత భాగం ముందు పెట్టాలో, ఎంత వెనక ట్యాంకు స్థలంలో పెట్టాలో ఆ అంకెలే చెప్తాయి. దించిన సామాన్లు అమ్మితే కాంటాక్టర్, ఫ్యూజ్ ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది.

తూకం అంకెలు, దొరికిన మోటార్ నేమ్‌ప్లేట్ ఫొటో ఇక్కడ పెట్టండి. కంట్రోలర్ ఎన్ని ఆంప్స్‌ది తీసుకోవాలో, బ్రష్‌లను తిరిగే దిశకు ఎదురుగా ఎంత జరపాలో చూసి చెప్తాను.