ప్రెస్కాట్‌ని ఆ రోజు ఆడనివ్వాల్సిందేనా?

పాతస్కోరుబోర్డు:
1958 జూలై 5, బ్రిస్బేన్, ఆస్ట్రేలియాతో రగ్బీ లీగ్ రెండో టెస్ట్. గ్రేట్ బ్రిటన్ కెప్టెన్ అలన్ ప్రెస్కాట్‌కి మ్యాచ్ మొదలైన కాసేపటికే కుడి ముంజేయి విరిగింది, అయినా ఆఖరి దాకా గ్రౌండ్‌లోనే ఉన్నాడు, 25-18తో గెలిచారు. రగ్బీ లీగ్‌లో ధైర్యం అనగానే అందరూ ఇదే చెప్తారు. నా మాట ఒకటే, ఆయన్ని బయటికి పంపాల్సింది. 1956లో సెయింట్ హెలెన్స్ క్లబ్ తరఫున ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఛాలెంజ్ కప్ ఎత్తి, ఆ ఫైనల్లో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ కొట్టిన ప్రాప్ (ముందు వరస ఆటగాడు), బ్రిస్బేన్ తర్వాత ఇంకో టెస్ట్ ఆడలేదండీ.

స్క్రమ్‌పిచ్చి:
పంపితే ఎవరొస్తారు బ్రో? అప్పుడు సబ్‌స్టిట్యూట్లే లేరు. సిడ్నీలో మొదటి టెస్ట్ 25-8తో పోయింది, ఇదీ పోతే మూడు టెస్టుల సిరీస్ అక్కడితో అయిపోయినట్టే. గ్రేట్ బ్రిటన్ ఆటగాడు డేవ్ బోల్టన్ కాలర్‌బోన్ విరిగి వెళ్ళిపోయాడు, ఫార్వర్డ్‌ల్లో వెనక ఆడే లూజ్ ఫార్వర్డ్ విన్స్ కరాలియస్ పోయి, ఆట నడిపే స్టాండాఫ్ స్థానంలో నిలబడ్డాడు, ఇక కెప్టెన్ కూడా పోతే పదమూడు మందిలో మిగిలేది పదకొండు మందే. ఆయన ఉండటం వల్లే మూడో టెస్ట్‌కి విలువ వచ్చింది, దాన్ని 40-17తో గెలిచి సిరీస్ పట్టుకెళ్ళారు.

కోస్తాకుర్రాడు:
మనకి 2002లో యాంటిగ్వాలో దవడ విరిగి కట్టుతో బౌలింగ్ చేసిన కుంబ్లే గుర్తొస్తాడు కదా, ఇదీ అలాంటిదే.

పాతస్కోరుబోర్డు:
కాదు తమ్ముడూ. కుంబ్లే బంతి వేసేటప్పుడు ఎవరూ వచ్చి మీద పడరు. ప్రాప్ అంటే స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం ఎదురెదురుగా తలపడే చోట, ముందు వరస, అప్పట్లో జబ్బలు ఆనించి తోయాలి, బంతి చేతికొస్తే ఎదురుగా ముగ్గురు వచ్చి గుద్దుతారు, విరిగిన చెయ్యి వేలాడుతుంటే ఆ పని ఎంతసేపు చేసినా ప్రతిసారీ దెబ్బ అక్కడే. ఆయన గుండెని నేను తక్కువ చెయ్యట్లేదు, అసలు నా కోపం ఆయన మీద కాదు. గాయపడినవాడి ప్లేసులో ఇంకొకణ్ణి దించొచ్చని ఇంగ్లండ్‌లో 1964లో గానీ ఒప్పుకోలేదు, అదీ హాఫ్‌టైమ్ లోపే. బెంచి మీద ఒక్కడుంటే ప్రెస్కాట్‌కి ఆ నిర్ణయం తీసుకునే అవసరమే రాదు.

స్క్రమ్‌పిచ్చి:
రూల్ తప్పు, ఒప్పుకుంటా. కానీ ఆ రోజు ఉన్న రూల్‌తోనే ఆడాలి, ఉంటానన్నది ఆయనే. ఆ మాట ఆయన దగ్గర్నుంచి లాక్కోకండి.