భీష్మ ప్రతిజ్ఞ (1921): పేరు తండ్రిదా, కొడుకుదా?

కృష్ణాతీరం: తెలుగువాళ్ళు తీసిన మొదటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’. తీసింది రఘుపతి ప్రకాష్, భీష్ముడి వేషం కట్టిందీ ఆయనే. తెలుగు సినిమాకి ఆద్యుడెవరంటే మాత్రం అందరూ తండ్రి వెంకయ్య నాయుడు గారి పేరే చెప్తారు. నంది అవార్డుల్లోనూ ఒకదానికి ఆయన పేరే పెట్టారు. ఇదేం న్యాయం?

రీలుపెట్టె: వెంకయ్య గారు లేకపోతే ప్రకాష్ ఎక్కడండీ? ఊరూరా డేరా వేసి సినిమాలు ఆడించారు. మద్రాసులో గెయిటీ సినిమా హాలు కట్టారు. పని నేర్చుకు రమ్మని కొడుకుని లండన్ పంపారు.

పాతబొమ్మ: అంతకుముందే తమిళుడైన నటరాజ ముదలియార్ తీసిన మూకీ ‘కీచక వధం’ వచ్చింది.

రీలుపెట్టె: తెలుగువాళ్ళు తీసినవాటిలో మొదటిది అన్నారు. సరిగ్గా చదవండి.

పాతబొమ్మ: ముదలియార్ తీసిందీ మద్రాసులోనే. ఆ మాట కూడా చెప్పాలి.

కృష్ణాతీరం: డబ్బు పెట్టడం వేరు, సినిమా తియ్యడం వేరు. మా నాన్న టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. ప్రొజెక్టర్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మార్చి మార్చి వేళ్ళు నల్లబడిపోయాయి. రీలు తెగితే బ్లేడుతో గీకి, ఫిల్మ్ అతికించే సిమెంటు జిగురు రాసి, జనం ఈలలేస్తుంటే ఊపిరి బిగబట్టి అతికించేవాడు. ఊళ్ళో మాత్రం అది ఓనరు గారి సినిమా. ఓనరు పోతే ఊరంతా కదిలింది. మా నాన్న పోతే పదిమంది కూడా రాలేదు.

రీలుపెట్టె: మీ ఇంటి బాధ తెచ్చి చరిత్రకి అంటగట్టకండి. ప్రకాష్ షాటు ఎలా పెట్టాడో మీరు చూశారా? ఆ సినిమా ప్రింటే మిగల్లేదు. చూడని సినిమాకి గొప్ప దర్శకుడని ఎలా అంటారు?

కృష్ణాతీరం: ప్రింటు పోతే తీసినవాడు కూడా పోవాలా? అదీ మీ అసలు మాట! 1940లో కన్నాంబతో ‘చండిక’ తీసింది ప్రకాష్ కాదా?

గోదారిగట్టు: ‘సతీ సావిత్రి’, ‘లవకుశ’ తీసిన సి. పుల్లయ్య గారు మొదట ప్రకాష్ దగ్గర పనిచేసినవారే. ప్రింటు లేకపోయినా ఆ పని నేర్చుకున్న మనిషి ఉన్నాడు కదా.

రీలుపెట్టె: పుల్లయ్య గారి సంగతి ఒప్పుకుంటాను. అవార్డు పేరు మార్చమంటే మాత్రం ఒప్పుకోను.

కృష్ణాతీరం: మార్చమని నేనెక్కడ అన్నానండీ? తండ్రి పేరు పక్కన కొడుకు పేరు కూడా రాయమంటున్నా.