మోసెల్ లోయలో మోటార్‌హోమ్, సైకిళ్లు: అమ్మానాన్నలతో సెప్టెంబర్ ట్రిప్, సలహా కావాలి

తెనాలి_డ్యుసెల్‌డార్ఫ్:

నమస్కారమండీ. మా అమ్మానాన్నలు ఆగస్టులో తెనాలి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. సెప్టెంబర్ మూడో వారంలో పడక, వంటగది ఉన్న మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని జర్మనీలోని మోసెల్ నది వెంట ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా తిరగాలనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఏడు రాత్రులు. వెనక క్యారియర్ మీద సైకిళ్లు కూడా పెట్టుకోవాలని ఉంది. నాన్నకి 66 ఏళ్లు, ఇప్పటికీ రోజూ బజారుకి సైకిల్ మీదే వెళ్తారు. ఆయన కోసమే ఈ ఆలోచన. అమ్మకి సైకిల్ రాదు, మోకాళ్లు కూడా బాగా లేవు.

ప్లాన్ ఇలా రాసుకున్నాను: ట్రియర్, పీస్‌పోర్ట్, బెర్న్‌కాస్టెల్, ట్రాబెన్-ట్రార్‌బాఖ్, కోఖెమ్, ఎల్ట్స్ కోట, కోబ్లెంజ్. రోజుకో ఊరు. రాత్రిళ్లు బండి పెట్టుకునే చోట్లు ముందే బుక్ చేయాలా? మేం శాకాహారులం. వైన్ నేనొక్కడినే, అదీ అప్పుడప్పుడు. మాలాంటివాళ్లకి ఈ వైన్ లోయలో ఏముంటుంది? నాన్నకి అక్కడి సైకిల్ దారి కష్టమవుతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కోనసీమ_కోబ్లెంజ్:

తెనాలి గారూ, రోజుకో ఊరు అన్నదాన్ని ముందు కొట్టేయండి. నేను కోబ్లెంజ్‌లో ఉంటాను. మా ఆయనా నేనూ ఏటా మా పాత మోటార్‌హోమ్ వేసుకుని ఈ నది వెంట వెళ్తాం. మ్యాప్‌లో ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి తిన్నగా కొలిస్తే సుమారు 100 కిలోమీటర్లు. నది మాత్రం జంతిక చుట్టలా తిరిగి తిరిగి 190 దాటిస్తుంది. అందమంతా ఆ మెలికల్లోనే ఉంది, అది బండి అద్దంలోంచి కనబడదు. నడిపేవాళ్ల కళ్లన్నీ ఎదురొచ్చే బస్సు మీద, వెనక పేరుకున్న కార్ల మీదే ఉంటాయి. పైగా రోజూ పొద్దున్నే కరెంటు తీగ చుట్టి, గిన్నెలు కదలకుండా సర్ది, టాయిలెట్ పెట్టె ఖాళీ చేసి, పక్క ఊళ్లో మళ్లీ చోటు వెతుక్కోవాలి. సగం రోజు అక్కడే పోతుంది. బండిని ఇల్లనుకోండి, తిరగడానికి సైకిల్ ఉంది. ట్రియర్‌లో ఒక రాత్రి, బెర్న్‌కాస్టెల్-కూస్ దగ్గర మూడు, కింద ఎడిగర్-ఎల్లర్ వైపు మూడు. అంతే.

ట్రియర్‌లో పోర్టా నిగ్రా అనే రోమన్ల కాలపు ద్వారం, కాలంతో నల్లబడిన ఇసుకరాతిది, తప్పకుండా చూపించండి. మిగతాది మీ ఓపిక.

చోటు గురించి. ఇక్కడ మోటార్‌హోమ్‌లు పెట్టుకునే ష్టెల్‌ప్లాట్స్‌లు చాలా ఊళ్లలో నది ఒడ్డునే ఉంటాయి. ఎక్కువచోట్ల బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్లదే చోటు. సెప్టెంబర్‌లో వైన్ పండగలు, ద్రాక్ష కోతలు కాబట్టి శుక్రవారం సాయంత్రం వెళ్తే దొరకడం కష్టం. పొద్దున పదకొండు, పన్నెండుకల్లా చేరండి. రాత్రి ఉన్నవాళ్లు అప్పుడే కదులుతుంటారు. కొందరు వైన్ రైతులు తమ ఇంటి దగ్గర కూడా నాలుగైదు బళ్లకి చోటిస్తారు, నాకైతే అవే ఇష్టం. బెర్న్‌కాస్టెల్ పెద్ద పండగ సెప్టెంబర్ మొదట్లోనే అయిపోతుంది, మీకా రద్దీ ఉండదు. వానలు గట్టిగా పడి నది పెరిగితే మాత్రం ఒడ్డున ఉన్నవి మూసేస్తారు, ఆ వారం నీటిమట్టం ఒకసారి చూసుకోండి.

నాన్నగారికి దారి ఏమాత్రం కష్టం కాదు. నది పక్కనే, దాదాపు చదునుగా, ఎక్కువ భాగం తారు దారే. రెండు విషయాలు మాత్రం మొదటిరోజే చెప్పండి. ఒకటి, కుడివైపు తొక్కాలి. అరవై ఏళ్ల ఎడమ అలవాటు మలుపుల దగ్గర చటుక్కున బయటికొస్తుంది. రెండోది, అద్దె సైకిళ్లలో కొన్నిటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనవాళ్లు ఊరికే పెడల్ వెనక్కి తిప్పుతుంటారు కదా, సైకిల్ ఠక్కున ఆగిపోతుంది. ఖాళీ జాగాలో పది నిమిషాలు తొక్కించి, ఆ తర్వాతే దారెక్కించండి.

మొదటి మకాం నుంచి బెర్న్‌కాస్టెల్–ట్రాబెన్-ట్రార్‌బాఖ్ దారి తొక్కండి. నది వెంట సుమారు 24 కిలోమీటర్లు. కొండ దాటి నడిస్తే అదే దూరం ఆరేడు కిలోమీటర్లే, మెలిక ఎంత పెద్దదో చూడండి. దారిలో వేలెన్ దగ్గర ద్రాక్ష తోట మధ్యలో, బండరాయి మీద 1842లో కట్టిన ఎండ గడియారం కనబడుతుంది. తోటకి పేరు కూడా దానిదే. తర్వాత తలెత్తితే హోఖ్‌మోసెల్ వంతెన. 2019లో తెరిచారు, 1.7 కిలోమీటర్ల పొడవు, లోయ మీద దాదాపు 160 మీటర్ల ఎత్తు. లోయ అందం పాడైందని బాధపడేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. నాకూ ఆ బాధ ఉంది.

నాన్నగారి కోసం ఇంకో రోజు దాచండి. బెర్న్‌కాస్టెల్ నుంచి డౌన్ అనే ఊరికి సైకిళ్లు ఎక్కించుకునే బస్సు ఉంది, సైకిళ్లకి ముందే చోటు రిజర్వ్ చేసుకోవాలి. డౌన్ నుంచి వెనక్కి, పాత రైలుమార్గం మీద వేసిన సైకిల్ దారిలో 58 కిలోమీటర్లు. వంతెనలు, సొరంగాలు, అగ్నిపర్వతాలు వదిలిపెట్టిన గుండ్రటి చెరువులు. రైళ్ల కోసం వేసిన దారి కాబట్టి నిటారు ఎక్కుళ్లు లేవు, ఎక్కువ భాగం దిగుడే. రోజూ తొక్కే మనిషికి ఇంతకన్నా మంచి రోజు నేను చెప్పలేను.

ఇక వైన్ తాగనివాళ్లకి ఏముంది అన్నారు. వ్యవసాయం ఉందండీ. కొబ్బరి తోటల మధ్య పెరిగినదాన్ని, చదునైన నేల, కాలవ నీళ్లు తప్ప ఎరగను. ఇక్కడ ఎల్లర్, బ్రెమ్ ఊళ్ల మధ్య కాల్‌మాంట్ కొండ మీద 65 డిగ్రీల దాకా వాలులో ద్రాక్ష పండిస్తారు. ఐరోపాలో ఇంత నిటారు ద్రాక్షతోట ఇంకోటి లేదంటారు. యంత్రం ఎక్కదు, ప్రతి గెల చేత్తో కోయాలి. మనిషినీ బుట్టల్నీ పైకి లాగడానికి కొండ మీదుగా ఒంటి పట్టా రైలు వేసుకున్నారు. నేలంతా పలకరాయి ముక్కలు. పగలు ఎండని పీల్చుకుని రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తాయి. ఇంత ఉత్తరాన రీస్లింగ్ ద్రాక్ష పండటానికి ఆ రాయి, దక్షిణానికి తిరిగిన ఆ వాలు కారణం. ఈ కష్టానికి మనుషులు దొరక్క బీడు పడ్డ తోటలు కూడా మధ్యమధ్యలో కనబడతాయి. ఎదురు ఒడ్డున ష్టూబెన్ మఠం శిథిలాల దగ్గర కూర్చుంటే కొండ మొత్తం ఒకేసారి కనబడుతుంది. తెనాలి మనిషికి ఆ నేల చూపించండి, ఆయనే మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు.

వాకిట్లో చీపురో ఆకుల దండో వేలాడుతుంటే ఆ రైతు ఇంట్లో కూర్చుని తాగొచ్చు, తినొచ్చు అని గుర్తు. అమ్మగారికి ద్రాక్షరసం అడగండి, చాలామంది తమ తోట పళ్లతో తీసినదే ఇస్తారు. ఆ రోజుల్లో ఉల్లిపాయలతో కాల్చిన "పై" (pie) అనే వంటకం దొరుకుతుంది. అందులోనూ, పల్చటి రొట్టెలాంటి ఫ్లామ్‌కూఖెన్‌లోనూ పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, "ఓనె ష్పెక్" అని ముందే చెప్పండి. అన్నం బండిలోనే వండుకోండి. కొన్నిచోట్ల కరెంటు 6 ఆంపియర్లే. అంటే 1,380 వాట్లు దాటితే ఫ్యూజు పోతుంది. చిన్న రైస్ కుక్కర్ నడుస్తుంది, 2,000 వాట్ల కెటిల్ నడవదు. టీ, కూరలు గ్యాస్ మీద పెట్టుకోండి.

మైన్‌తీరం:

కోనసీమ గారు చెప్పినవి బాగున్నాయి, నేను బండి సంగతులు కలుపుతాను. అద్దె మోటార్‌హోమ్‌లు చాలావరకు 3,500 కిలోల తరగతివి, మామూలు కారు లైసెన్స్ సరిపోతుంది. అయితే ఆ 3,500లో బండి బరువు, నీళ్లు, గ్యాస్, నలుగురు మనుషులు, బియ్యం బస్తా, అన్నీ లెక్కే. ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్కోటి పాతిక కిలోల దాకా ఉంటుంది. బరువు దాటితే జరిమానా నడిపేవాళ్ల మీదే పడుతుంది. సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు, బెర్న్‌కాస్టెల్‌లోనూ కోఖెమ్‌లోనూ దొరుకుతాయి.

మీది ఇంకా ఇండియా లైసెన్సే అయితే, జర్మనీలో నివాసం మొదలైన 6 నెలల దాకానే చెల్లుతుంది. వైన్ సంగతి కూడా చూసుకోండి. బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5 వంతు, లైసెన్స్ వచ్చి రెండేళ్లు కాకపోతే సున్నా. సైకిల్‌కి 1.6 అని ధీమాగా ఉండొద్దు, తూలుతూ తొక్కితే 0.3 నుంచే కేసు అవుతుంది.

తెనాలి_డ్యుసెల్‌డార్ఫ్:

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. నా లైసెన్స్ జర్మనీదే, మూడేళ్లయింది. మూడు మకాముల ప్లాన్ నాకూ నచ్చింది. ఒక్కటే టెన్షన్, మేం సైకిళ్లేసుకుని పోతే అమ్మ బండిలో ఒక్కతే కూర్చోవాలా? అలా అయితే ఆవిడ పైకి అనదు గానీ బాధపడుతుంది. ఇంకోటి, నాన్న ఎల్ట్స్ కోట ఫొటో చూసి అది కావాలంటున్నారు.

కోనసీమ_కోబ్లెంజ్:

అమ్మగారి కోసమే ఎడిగర్-ఎల్లర్ చెప్పానండీ. ఆ ఊళ్లో రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి కోఖెమ్‌కి నది వెంట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చుట్టు. రైలు మాత్రం కొండ కింద 4.2 కిలోమీటర్ల సొరంగంలో దూరి కొద్ది నిమిషాల్లో కోఖెమ్‌లో దించేస్తుంది. 1879లో తెరిచిన సొరంగం అది. మీరూ నాన్నగారూ సైకిళ్ల మీద మధ్యలో ఉన్న బైల్‌ష్టైన్ అనే ఊరి దాకా రండి. అత్తాకోడళ్లు రైల్లో కోఖెమ్ వెళ్లి, అక్కడ పడవెక్కి ఎదురు రావాలి. బైల్‌ష్టైన్‌కి సుమారు గంట. మధ్యలో ఫాంకెల్ దగ్గర లాకు వస్తుంది. తలుపులు మూసి, పడవని నీళ్లతో పాటు పైకి లేపి అవతలకి వదులుతారు. మన కాలవల లాకులు చూసినవాళ్లకి అది చాలా ఇష్టంగా ఉంటుంది. మధ్యాహ్నం నలుగురూ కలిసి తినండి, సాయంత్రం మీ ఆవిడ సైకిల్ ఎక్కి మీరు అమ్మగారితో పడవలో వెళ్లండి. ఒక్కరోజు కూడా ఆవిడని బండిలో వదలక్కర్లేదు. బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్‌కి కూడా పడవలున్నాయి, అక్కడా ఇలాగే చేయొచ్చు.

కానీ బైల్‌ష్టైన్‌లో, బెర్న్‌కాస్టెల్ పాత వీధుల్లో నేలంతా రాళ్ల పరుపు. మోకాళ్లకి మంచి చెప్పులు వేయించండి.

ఎల్ట్స్ తిరుగు రోజున పెట్టుకోండి. మోసెల్‌కెర్న్ నుంచి అడవిలో వాగు వెంట నడిచే దారి చాలా బాగుంటుంది, కానీ అమ్మగారికి కాదు. మోటార్‌హోమ్‌ని పై ఊళ్ల వైపు నుంచి కోట పార్కింగ్‌కి తీసుకెళ్తే చిన్న బస్సు గుమ్మం దాకా దింపుతుంది. యుద్ధాల్లో కూలకుండా, ఇప్పటికీ అదే వంశం చేతిలో ఉన్న కోట. జర్మనీ పాత కరెన్సీలో 500 మార్కుల నోటు మీద ఉండేది ఇదే. లోపల మెట్లున్నాయి, గైడ్‌తోనే తిప్పుతారు. అమ్మగారు ముంగిట్లో కూర్చున్నా కోటంతా కనబడుతుంది.

సార్‌గట్టు:

నాది చిన్న మాట. మీ తేదీల్లో మధ్య మోసెల్ మరీ నిండిపోయి ఉంటే, ట్రియర్‌కి ముందే పెర్ల్, నిట్టెల్ వైపు ఒక రాత్రి ఆలోచించండి. అక్కడ పలకరాయి ఉండదు, సున్నపురాయి కొండలు, రీస్లింగ్ బదులు ఎల్బ్లింగ్ ద్రాక్ష. జనం తక్కువ. పెర్ల్ నుంచి వంతెన దాటితే లక్సెంబర్గ్‌లో షెంగెన్. మీ అమ్మానాన్నల పాస్‌పోర్టుల్లో వీసా మీదున్న పేరు ఈ చిన్న పల్లెదే. 1985 జూన్ 14న, దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు ఇక్కడే, మోసెల్ మీద ఒక పడవలో జరిగాయి. మా నాన్నగారు అక్కడ వీసా పేజీ తెరిచి పట్టుకుని ఫొటో దిగారు.

డీజిల్ కూడా లక్సెంబర్గ్ వైపే కొట్టించుకోండి, జర్మనీ కన్నా తక్కువకి వస్తుంది. ట్యాంకులో నీళ్లు మాత్రం నిండా పట్టొద్దు, మైన్‌తీరం గారు చెప్పిన బరువు లెక్క అక్కడే తప్పుతుంది. ష్టెల్‌ప్లాట్స్ చేరాక పట్టుకోవచ్చు.